గొట్టం లాగితే

జూన్ 2

అయ్యను ఇంటికి తెచ్చేశాం. తెచ్చేశాం అనడం కంటే ఆయనే వచ్చేశాడు అంటే సరిపోతుంది. వార్డులో ఇంకొన్నాళ్లు ఉంచుదామని డాక్టర్ గోపినాథ్ చెబుతూనే ఉన్నాడు, ఈయన చొక్కా గుండీలు పెట్టేసుకున్నాడు. "నానుండను బాబూ. మా హోప్ టౌన్‌ల గాలి బాగుంటాది" అన్నాడు. ఆ గాలి పీల్చలేకే కదా ఇక్కడ పడ్డావు అందామనుకుని, నలుగురిలో ఎందుకని ఊరుకున్నాను. నేను పనిచేసే ఛాతీ వార్డులో నా కన్నతండ్రే పేషెంటు కావడం, అందరూ వినే నా మాట ఆయనొక్కడే వినకపోవడం, మిగతా సిస్టర్లు మూతులు బిగించుకుని నవ్వడం. ఇక చాలు.

ఆక్సిజన్ మిషన్‌ని తమ్ముడు కన్నబాబు ఐసు పెట్టె మోసినట్టు భుజాన వేసుకుని పోర్ట్ బ్లెయిర్ జెట్టీలో ఫెర్రీ ఎక్కాడు. కిటికీ పక్కన పెట్టాం. కరెంటు మీద నడుస్తుంది, గదిలో గాలినే వడగట్టి ఆక్సిజన్ ఇస్తుంది. ముందువైపు గాజు గొట్టం, అందులో చిన్న బంతి. మీట తిప్పితే బంతి పైకి లేస్తుంది. అయ్యకి ఒకటో గీత. ఆ గీత మీద ఎర్ర టేపు అంటించి, అమ్మనీ కన్నబాబునీ ఎదురుగా నిలబెట్టి చెప్పాను. ఒకటి. ఒకటిన్నర కాదు, రెండు కాదు. వేలికి పెట్టే మిషన్‌లో తొంభైకి అటూ ఇటూగా ఉంటే చాలు. నూరు మనకి అక్కర్లేదు.

అమ్మ మూతి తిప్పింది. "అంత లావు మిషను తెచ్చి ఒక్కటే ఇస్తావేటే. ఎవులి సొమ్ము పోతాదని?"

"టెన్షన్ మత్ లో దీదీ. ఒకటంటే ఒకటే" అన్నాడు కన్నబాబు.

ఇది నా కోసమే రాసుకుంటున్నాను. అమ్మకీ అయ్యకీ అక్షరాలు రావు. కన్నబాబు హిందీ స్కూల్లో చదివాడు, తెలుగు మాట్లాడతాడే గానీ చదవలేడు. ఈ ఇంట్లో తాళం వెయ్యకుండా దాచుకోగలిగింది నా తెలుగు రాత ఒక్కటే. అందుకే ఇక్కడ రాసుకోవచ్చు: నాకు భయంగా ఉంది. వార్డులో గంట కొడితే నలుగురు పరిగెత్తుకొస్తారు. ఇక్కడ నేను డ్యూటీకి వెళ్తే ఎవరూ లేరు.

జూన్ 4

చౌల్దారీ నుంచి వచ్చిన యర్రయ్య అనే రైతు మా వార్డులో ఉన్నాడు. అయ్యకున్న జబ్బే. భార్య ఎరుకమ్మ కాళ్ల దగ్గరే కూర్చుని ఉంటుంది. పొద్దున నేను పక్క బెడ్ దగ్గర మందులు ఇస్తుంటే ఈవిడ లేచి, గోడ మీది ఆక్సిజన్ మీట పూర్తిగా తిప్పేసింది. నేను చూసేసరికి ఆయన ఎర్రగా, వెచ్చగా, నోరు తెరుచుకుని పడి ఉన్నాడు. ఈవిడ కొంగుతో విసురుతోంది.

"ఊష్. లేపకమ్మా. ఇన్నాళ్లకి కునుకు పట్టినాది మా మనిషికి."

నాకు ఒళ్లు మండిపోయింది. మీట తగ్గించి, డాక్టర్‌ని పిలిచి, ఆయన్ని కుదిపి కుదిపి లేపుతూ ఆవిణ్ణి కడిగేశాను. ఇలా పాడైపోయిన ఊపిరితిత్తులకి ఆక్సిజన్ మితిమీరితే ఒళ్లు ఊపిరి తీసే పని మానుకుంటుందమ్మా. లోపలి చెడుగాలి బయటికి పోదు. అది తలకెక్కితే మత్తు. ముఖం ఎర్రబడుతుంది, చేతులు అదురుతాయి, మాట తడబడుతుంది, ఆ తర్వాత పడుకుంటారు. మీరు నిద్ర అనుకుంటారు. అది నిద్ర కాదు.

ఆవిడ విసరడం ఆపింది. "గాలే కదమ్మా. అన్నమా, ఎక్కువైపోడానికి?" అంది.

ఇంటికొచ్చి ఇదంతా కన్నబాబుకి చెప్పాను. "సమఝ్ గయా, తెలిసినాది" అన్నాడు ఫోన్‌లోంచి తలెత్తకుండా.

జూన్ 6

యర్రయ్య బెడ్ మీద కొత్త దుప్పటి వేశారు.

ఎరుకమ్మ వరండాలో సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి చెయ్యి పట్టుకుంది. "నిద్దరోతన్నాడనుకున్నానమ్మా" అంది. మళ్లీ అదే అంది. డ్యూటీ ఉందని చెప్పి చెయ్యి విడిపించుకున్నాను. మొన్న అంతగా అరిచిన దాన్ని, ఇవాళ ఒక్క మంచిమాట చెప్పలేకపోయాను.

జూన్ 8

సెలవు. రోజంతా అయ్య దగ్గరే ఉన్నాను. తలగడలు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టాను. ముక్కుతో తీసుకుని, ఈల వేస్తున్నట్టు పెదాలు ముడిచి మెల్లగా వదలమన్నాను. వార్డులో అందరికీ నేర్పేదే. ఈయన నిజంగానే ఈల వేశాడు. వీధిలో కుక్క లేచి చూసింది.

"ఏటి నర్సమ్మా, నాకు ఊపిరి తీడం నేర్పుతన్నావా? నాను సముద్రం అడుగున తీసినోణ్ణి."

నిజమే. అయ్య ఒకప్పుడు గవ్వలు ఏరే పడవ మీంచి సముద్రంలో మునిగేవాడు. పడవలో డీజిల్ కంప్రెసర్, దాన్నించి పొడుగాటి గొట్టం, గొట్టం చివర పళ్లతో కరిచిపట్టుకుని అడుగున అయ్య. ఆ డీజిల్ పొగ కొంత, బీడీలు కొంత, రెండూ కలిసి ఛాతీని తినేశాయి. ఆయన్నడిగితే రెండూ కావు, నీ ఆస్పత్రి మాత్రలే తినేశాయంటాడు.

పడవ మీద ఒకడు గొట్టం పట్టుకుని కూర్చోవాలి. కన్నబాబుకి మీసం వచ్చినప్పటి నుంచీ ఆ పని వాడిదే. మా ఇంట్లో ఒకటే శాసనం: కిందవాడు గొట్టం లాగితే పైవాడు అడక్కూడదు, ఆగకూడదు, గాలి పెంచెయ్యాలి. చిన్నాన్న సూరయ్య వేరే పడవ మీంచి మునిగినప్పుడు పైన కూర్చున్నవాడు బీడీ ముట్టించుకుంటూ, ఇస్తాంలే అనుకున్నాడట. చిన్నాన్నని పైకి తీసేసరికి చేతిలో గొట్టం బిగించి ఉంది. ఆ కథ ఇవాళ అయ్య మళ్లీ చెప్పాడు. అమ్మ మళ్లీ ఏడ్చింది. కన్నబాబు లేచి బయటికి వెళ్లిపోయాడు, ఎప్పటిలాగే.

కథ చెబుతున్నంతసేపూ అయ్య తన ముక్కుకున్న సన్న గొట్టాన్ని వేళ్లకి చుట్టుకుంటూనే ఉన్నాడు. అలా లాగకు, ఊడిపోతుంది అని రెండుసార్లు కసిరాను.

జూన్ 9

డ్యూటీ నుంచి వచ్చేసరికి బంతి రెండు దాటి ఉంది. ఎవరు తిప్పారంటే ఎవరూ కాదు. అమ్మ దుమ్ము తుడిచిందట, గుడ్డ తగిలి ఉంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు మిషన్ అదిరి ఉంటుంది. అంతే అయి ఉంటుంది.

ఒకటికి దించాను. దించే ముందు వేలి మిషన్ చూశాను. తొంభై ఆరు. వార్డులో ఈ జబ్బుతో ఎవరికైనా తొంభై ఆరు కనిపిస్తే గుండె ఆగిపోతుంది నాకు. ఇవాళ అయ్య వేలి మీద చూసి, ఎంత బాగుందో అనిపించింది. సిగ్గులేకుండా ఆ ఎర్ర అంకెని అలా చూస్తూ కూర్చున్నాను.

జూన్ 11

అయ్య ముఖంలో కళ వచ్చింది. ఆస్పత్రిలో నీలంగా ఉన్న పెదాలు ఎర్రగా ఉన్నాయి. చేతులు వెచ్చగా ఉన్నాయి. అమ్మ దిష్టి తీసింది.

జూన్ 12

నిద్రపోతున్నాడు. అలసిపోయిన మనిషి నిద్రపోడా మరి.

జూన్ 13

పొద్దున లేవగానే తల పగిలిపోతోందన్నాడు. నన్ను "కామమ్మా" అని పిలిచాడు. కామమ్మ మా మేనత్త. పోయి చాలా ఏళ్లయింది. వయసు మీద పడితే మనుషులు ఒకరనుకుని ఒకర్ని పిలుస్తారు, అందులో వింతేముంది. గంజి గ్లాసు ఇస్తే చెయ్యి అదిరి దుప్పటి మీద ఒంపుకున్నాడు. బలం లేక.

బంతి ఒకటి మీదే ఉంది. నేను చూసినప్పుడల్లా ఒకటి మీదే ఉంటోంది. నేను ఎప్పుడొస్తానో ఇంట్లో అందరికీ తెలుసు. ఫెర్రీ హారన్ మా వీధి వరకూ వినిపిస్తుంది.

ఆ మాట ఎందుకు రాశానో నాకే తెలియదు.

డాక్టర్ గోపినాథ్ వార్డులో అడిగాడు, మీ నాన్న ఎలా ఉన్నారు అని. బాగా నిద్రపోతున్నారు సర్ అన్నాను. ఆయన ఒక్క క్షణం నా వంక చూశాడు. నేను ట్రే పట్టుకుని వెళ్లిపోయాను.

జూన్ 15

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. వార్డు వరండాలో కూర్చుని.

నిన్న పొద్దున్నే జెట్టీ మీద తుపాను జెండా ఎగరేశారు. ఫెర్రీలు బంద్. వెళ్లి, జెట్టీలో కాసేపు తడిసి, తిరిగొచ్చాను. హారన్ లేదు కాబట్టి నేను వస్తున్నట్టు ఇంట్లో తెలియలేదు. గుమ్మంలోంచి చూశాను.

అయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు. కన్నబాబు మంచం పక్కన నేల మీద కూర్చుని వల బాగుచేసుకుంటూ అమ్మతో ఏదో చెబుతున్నాడు. అయ్య చేతిలో సన్న గొట్టం చుట్టుకుని ఉంది. చెయ్యి ఒక్కసారి కదిలింది, గొట్టం బిగిసింది. కన్నబాబు మాట ఆపలేదు, తల తిప్పలేదు. వాడి చెయ్యి దానంతటది వెళ్లి మీట తిప్పి, వల మీదికి తిరిగొచ్చింది. బంతి ఎగిరి నాలుగు దగ్గర ఆగింది.

వాడు అబద్ధం చెప్పలేదు. ఎవరు తిప్పారని నేను అడిగినప్పుడు తిప్పినట్టు వాడికి గుర్తుంటే కదా. ఎన్నేళ్లు ఆ చెయ్యి అలాగే వెళ్లిందో. తర్వాత బంతి పైన కనబడినప్పుడల్లా, నేను తిడతానని, హారన్ వినగానే అమ్మే దించేసేదట. అది తర్వాత చెప్పింది.

గొడుగు పారేసి లోపలికి వెళ్లాను. "అయ్యా" అన్నాను. గట్టిగా అన్నాను. భుజం పట్టి కుదిపాను. ఎర్రటి ముఖం, వెచ్చటి చేతులు, తెరిచిన నోరు. ఎరుకమ్మ మొగుడు. అచ్చం అలాగే. నాలుగు రోజుల నుంచి నా కళ్ల ముందున్నది అదే. ఇంకొకరి ఇంట్లో అయితే గుమ్మంలోంచే చెప్పేదాన్ని.

మీట ఒకటికి దించేశాను.

"ఏటే, ఏటి సేస్తన్నావు? ఇప్పుడే పడుకున్నాడు" అని అమ్మ లేచింది.

"పడుకోలేదమ్మా. ఇది నిద్ర కాదు."

వేలి మిషన్‌లో అంకె దిగడం మొదలుపెట్టింది. తొంభై ఏడు నుంచి తొంభై మూడు, తొంభై, ఎనభై ఎనిమిది. అక్కడ ఆగాలి. ఆగలేదు. ఎనభై ఆరు. డాక్టర్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. ఆయన గొంతు నెమ్మదిగా ఉంది. "ఒకటికీ రెండుకీ మధ్య ఉంచు ప్రమోదా. ఒక్కసారిగా ఆపెయ్యకు, పెంచెయ్యకు. ఎనభై ఎనిమిది దగ్గర నిలబెట్టు. కూర్చోబెట్టు, పడుకోనివ్వకు. రోడ్డు మీద తీసుకొచ్చెయ్."

ఒకటిన్నర చేశాను. అంకె ఎనభై ఏడు. అయ్య చెయ్యి అదిరి గొట్టం మళ్లీ లాగింది. కన్నబాబు చెయ్యి మీట మీదికి వచ్చింది. దాని మీద నా చెయ్యి వేశాను.

"సోడ్ దో దీదీ, వదిలీ. లాగుతన్నాడు, సూడు. గాలి అడుగుతన్నాడు."

"ఇవ్వను."

"సిన్నాన్ననిలాగే సంపీసినారు. పైనోడు ఇవ్వనేదు. పాగల్ హో గయీ క్యా? అయ్య లాగుతన్నాడే."

నా మణికట్టు పట్టుకున్నాడు. వల లాగే చెయ్యి. ఎముక విరుగుతుందనుకున్నాను. అమ్మ నా వీపు మీద కొడుతోంది, ఏడుస్తూ, "ఇచ్చీవే, ఇచ్చీవే, నీకు దణ్ణమెడతాను" అంటోంది. అంకె ఎనభై ఐదు. ఇక్కడ నిజం రాస్తాను. ఆ క్షణంలో నాకు నేను చదివింది ఒక్క ముక్క గుర్తు రాలేదు. నేను తప్పయితే? ఇద్దరూ చెబుతున్నదే నిజమై, కన్నతండ్రి గాలి అడుగుతుంటే మీట బిగించిపట్టుకున్న కూతుర్ని నేనే అయితే? చేతిలో చెమట పట్టి మీట జారుతోంది. నా జీవితంలో అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

వాదించే శక్తి లేక, ఖాళీగా ఉన్న చేత్తో కన్నబాబు రెండో చెయ్యి తీసి అయ్య ఛాతీ మీద పెట్టాను. "అయ్య తీసినప్పుడే నువ్వూ ఊపిరి తియ్యి. అయ్యతో పాటే. అంతే, ఇంకేం అడగను" అన్నాను.

వాడు గజ ఈతగాడు. మునిగితే పైకి రాడేమోనని ఒడ్డున వాళ్లు హడలిపోయేవారు. ఛాతీ కదిలినప్పుడు వాడూ తీశాడు. ఆగాడు. ఆగాడు. ఇంకా ఆగాడు. వాడి మెడ నరాలు తేలాయి. అయ్య ఛాతీ కదల్లేదు. ఆఖరికి వాడే నోరు తెరిచి గాలి పీల్చేశాడు. అయ్య ఇంకా తీసుకోలేదు.

నా మణికట్టు వదిలేశాడు.

"ఏటయిపోతన్నాడు దీదీ" అన్నాడు. చిన్నప్పుడు చీకట్లో పిలిచినట్టు ఉంది ఆ గొంతు.

"ఊపిరి తియ్యడం మర్చిపోతున్నాడురా. లేపు. పిలుస్తూ ఉండు."

తర్వాత వాడు ఎదురు చెప్పలేదు. పక్క ఊరి చిన్నాసుపత్రి నుంచి అంబులెన్స్ వచ్చింది. నీటి మీద చూస్తే పోర్ట్ బ్లెయిర్ ఎదురుగానే ఉంటుంది, ఇళ్లు కూడా కనిపిస్తాయి. రోడ్డు మీద అయితే ఫెరార్‌గంజ్ చుట్టూ తిరిగి రావాలి. వాన, దారి పొడుగునా విరిగిన కొమ్మలు. డ్రైవర్ శివాజీ మంచివాడే, కానీ అద్దంలోంచి చూస్తూ "దీదీ, సిలిండర్ ఫుల్ ఖోల్ దో నా, క్యోం బచా రహీ హో" అని, పూర్తిగా తెరిచెయ్యమంటూనే ఉన్నాడు. వాడికి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. నాకు బదులు కన్నబాబు చెప్పాడు, తెరవకూడదని. "నహీ ఖోల్నా హై భయ్యా. తుమ్ గాడీ చలావ్."

దారంతా వాడు అయ్య వెనకాల కూర్చుని, తన ఛాతీకి ఆనించి నిటారుగా పట్టుకున్నాడు. నేను సిలిండర్ మీట మీద చెయ్యి తియ్యలేదు. "అయ్యా, ఈల వెయ్యి. నర్సమ్మ చెబుతోంది, వెయ్యి" అని అరుస్తూనే ఉన్నాను. ఒకచోట, గుంతలో బండి ఎగిరినప్పుడు, కళ్లు సగం తెరిచి పెదాలు ముడిచాడు. ఈల రాలేదు, గాలి వచ్చింది. కన్నబాబు వెక్కివెక్కి ఏడ్చాడు.

జూన్ 16

మూతికి బిగించే మాస్కు పెట్టారు. దానికున్న మిషన్ గాలిని నెట్టి, లోపలి చెడుగాలిని బయటికి తెస్తుంది. రక్త పరీక్ష బాలేదు. నిన్నటి కంటే కొంచెం నయమట. ఆ కొంచెం ఎంతో నేను అడగలేదు.

ఖాళీగా ఉన్నది యర్రయ్య బెడ్ ఒక్కటే. అది వద్దన్నాను. ఇంకోటి లేదన్నారు. ఆ దుప్పటి కింద మా అయ్య కాళ్లు.

నేను యూనిఫాం లేకుండా స్టూల్ మీద కూర్చున్నాను. మందులిచ్చే సిస్టర్ నాకు అన్నీ వివరంగా చెబుతోంది, నేను ఎవరికీ చెప్పనంత మెల్లగా. తల ఊపుతున్నాను. ఒక్క ముక్క బుర్రకెక్కడం లేదు. ఎరుకమ్మకి నేను అరిచి చెప్పినప్పుడు ఆవిడకేం ఎక్కి ఉంటుంది.

జూన్ 17

కళ్లు తెరిచాడు. మళ్లీ మూశాడు. ఏ రకం మూయడమో తెలియక ప్రతిసారీ లేపుతున్నాను. పాపం, మనిషిని నిద్రపోనివ్వడం లేదు.

జూన్ 18

మాస్కు కాసేపు తీశారు. నీళ్లు చెంచాతో పట్టాను. నన్ను చూసి "ప్రమోదా" అన్నాడు. నా పేరే. కామమ్మ కాదు. బయటికి వెళ్లి, గోడకి ముఖం పెట్టుకుని ఏడ్చి, కడుక్కుని వచ్చాను.

కన్నబాబు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మంచం దగ్గరికి రాడు. అయ్యే పిలిచాడు.

"ఏట్రా, అక్కడ నిలబడ్డావు?"

"నానే సంపీబోయినాను అయ్యా. నువ్వు లాగినప్పుడల్లా పెంచీసినాను. దీదీ సెప్పినా నా సెయ్యి ఇన్నేదు."

అయ్య ఊపిరి కూడగట్టుకున్నాడు. ఈల వేసినట్టు వదిలాడు, నేను నేర్పినట్టే.

"గాలి కోసం కాదురా" అన్నాడు. "గాలి వస్తానే ఉంది. సీకటిగుంది. ఎక్కడున్నానో తెల్నేదు. అడుగునున్నాననుకున్నాను. లాగినాను. పైనోడు గాలి ఇచ్చి ఏటి సెయ్యాల?"

కన్నబాబు తల దించుకున్నాడు. "తిరిగి లాగాల."

"లాగినావా?"

"నేదు. ఇది సన్న గొట్టం. లాగితే నీ ముక్కు కాడ ఊడొస్తాదని."

"అదీ" అన్నాడు అయ్య. "పైనుంచి లాగు రానేదు. పైన ఎవులూ నేరనుకున్నాను. మల్లీ లాగినాను. మల్లీ లాగినాను. భయమేసినాదిరా."

సముద్రం అడుగున సొరచేప పక్కనుంచి వెళ్తే పళ్లు బిగబట్టి కూర్చున్న కథలు చెప్పే మనిషి. భయమేసిందని అనడం నేను వినడం ఇదే. గాలి ఇచ్చాక పైవాడు ఒకసారి మెల్లగా తిరిగి లాగుతాడట, నేనున్నాను అని. కిందవాడు అప్పుడు పనిలో పడతాడు. అమ్మకి తెలుసట. కన్నబాబుకి తెలుసు. నేను ఒడ్డున పెరిగినదాన్ని, నాకే తెలియదు. తెలిసి ఉంటే, ఊడిపోతుంది లాగకు అని కసిరే బదులు ఒక్కసారి తిరిగి లాగేదాన్నేమో.

అందులో చేతులు అదరడం ఎంతో, నిజంగా లాగడం ఎంతో నాకు తెలియదు. డాక్టర్‌ని అడిగితే జబ్బు లక్షణమే అంటాడు. అడగను.

జూన్ 22

ఇంటికి వచ్చాం. సముద్రం నెమ్మదించింది, ఫెర్రీలోనే వచ్చాం. ఈసారి మీట చుట్టూ అట్టముక్క చుట్టి టేపు వేశాను, ఊరికే చెయ్యి వెళ్లినా తిరగదు. కన్నబాబే అట్ట కోసి ఇచ్చాడు.

మధ్యాహ్నం అమ్మ వంటింట్లో ఉంది, కన్నబాబు జెట్టీకి వెళ్లాడు. అయ్య కళ్లు మూసుకున్నాడు. వెంటనే ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆయనతో పాటే ఊపిరి తీసి చూశాను. సరిపోయింది, నాకంటే ముందే తీశాడు. వేలి మిషన్ తొంభై. ముఖం మామూలుగా ఉంది. ఇది నిద్రే. రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను. నిద్రే.

ఇక నుంచి నా బతుకు ఇంతే అనుకుంటా. ఆయన పడుకున్న ప్రతిసారీ భయపడడం. రేపు డ్యూటీకి ఎలా వెళ్లాలో తెలియడం లేదు. హారన్ మోగితే ఫెర్రీ ఎక్కాలి, ఎక్కితే ఈ గది కనబడదు.

అప్పుడు గొట్టం బిగిసింది. అదిరిందో, లాగాడో. నా చెయ్యి ముందు మీట వైపే వెళ్లబోయింది, నాది కూడా. ఆపుకున్నాను. గొట్టం ఆయన చెవి దగ్గర ఊడకుండా ఒక వేలితో అదిమిపట్టి, రెండో చేత్తో మెల్లగా తిరిగి లాగాను.

కళ్లు తెరవలేదు. "ఎవులూ" అన్నాడు.

"నేనే అయ్యా. ప్రమోదని."

"ఉన్నావా?"

"ఉన్నాను."

చెయ్యి వదులైంది. ఊపిరి తీస్తున్నాడు, ఈల వేసినట్టు వదులుతున్నాడు. కన్నబాబు వచ్చాక చూపించాలి, ఎక్కడ అదిమితే ఊడదో. అమ్మకీ చూపించాలి. నేను లేనప్పుడు ఎవరో ఒకరు

మళ్లీ లాగాడు. కలం పెట్టేస్తున్నాను. దీనికి రెండు చేతులూ కావాలి.